దుబాయిలో గెలిచిన బాణం: డోలా బెనర్జీ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో డోలా బెనర్జీ గురించి మాట్లాడినం. మైకు ముందు అంకెలు చదువుకుంటూ పోతే వినేవాళ్ళకు నిద్రొస్తది, అందుకే చాలా వదిలేసిన. వదిలేసినవి కూడా కలిపి, మొదటినుంచి వరుసగా ఇక్కడ రాస్తున్న. ఎపిసోడ్ విననివాళ్ళకు కూడా అర్థమయ్యేటట్టే రాసిన.

ముందు అసలు సంగతి చెప్తా. 2007 నవంబరులో, మన దుబాయిలోనే, ఒక భారతీయురాలు విలువిద్యలో ప్రపంచ కప్ ఫైనల్ గెలిచింది. ఆ ఫైనల్లో బంగారు పతకం కొట్టిన మొదటి భారతీయురాలు ఆమె. పేరు డోలా బెనర్జీ. అప్పటికి వయసు 27.

2007లో ఇక్కడ ఉన్నోళ్ళకు ఆ ఏడాది బాగా గుర్తుంటది. జులైలో బుర్జ్ దుబాయ్ తైవాన్‌లోని తైపే 101ని దాటి అన్నిటికంటే ఎత్తైన బిల్డింగ్ అయింది. దానికి ఖలీఫా అనే పేరు 2010 జనవరిలో ప్రారంభం రోజున వచ్చింది. 2007 జూన్‌లోనే సర్కారు క్షమాభిక్ష ప్రకటిస్తే, వీసా లేక దాక్కొని బతుకుతున్న మనోళ్ళు ఎంతోమంది ఔట్‌పాస్ తీసుకొని ఇంటికి పోయిన్రు. ఏడాది మొదట్లో దిర్హంకు 12 రూపాయల దాకా వచ్చేది, చివరికొచ్చేసరికి 11 కంటే కిందికి పడింది. జీతం అదే, ఇంటికి చేరే పైసలు తక్కువ. అక్టోబరు చివర్లో, నవంబరులో జీతాలు పెంచాలని కార్మికులు పని ఆపిన వార్తలు పేపర్లల్ల వచ్చినయి.

నేను అప్పుడు అల్ కూజ్‌లో క్యాంపులో ఉంటున్న. సెప్టెంబరులో ధోనీ టీం టీ20 ప్రపంచ కప్ గెలిచిన రాత్రి క్యాంపంతా స్వీట్లు పంచుకున్నం. రెండు నెలలు తిరిగేసరికి ఇదే ఊర్లో ఇంకో ప్రపంచ కప్పు మన దేశానికి వస్తే మా బ్లాకులో ఒక్కనికి తెల్వదు. నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. ఆమెదీ నాదీ ఒకే ఈడు, ఇద్దరం 1980లో పుట్టినోళ్ళమే. అందుకే ఈ కథ నాకు దగ్గరగా అనిపించింది.

మీటరుకు మిల్లీమీటరు

మనకు విలువిద్య అంటే అర్జునుడు, ఏకలవ్యుడు. లేకపోతే ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో గోండు, కోయ అన్నల చేతిలో విల్లు. ఒలింపిక్స్‌లో ఆడే ఆట కొలతలు వేరు. అక్కడ వాడేది రికర్వ్ విల్లు. ఆటగాడు నిలబడే చోటినుంచి టార్గెట్ 70 మీటర్లు. టార్గెట్ అడ్డం 122 సెంటీమీటర్లు. మధ్యలో పది పాయింట్లు ఇచ్చే పసుపు వలయం అడ్డం 12.2 సెంటీమీటర్లు మాత్రమే.

మన పని భాషలో లెక్క చూద్దాం. మధ్య నుంచి ఆ వలయం అంచుకు 61 మిల్లీమీటర్లు. దూరం 70 మీటర్లు. అంటే మీటరుకు ఒక మిల్లీమీటరు తేడా కూడా పనికిరాదు. మనం మూడు మీటర్ల షట్టరింగ్‌కు గుండు పట్టి చూసినప్పుడు 3 మిల్లీమీటర్లు అటో ఇటో ఉంటే, బాగానే ఉందనుకొని ఇన్‌స్పెక్షన్‌కు పిలుస్తం. అదే తేడా విలుకత్తె చేతిలో వస్తే బాణం పది దాటి తొమ్మిదిలో పడతది. మనకు షట్టర్ కదలకుండా ఉంటది, ప్రాప్ కింద జాకీ తిప్పి సరిచేసుకోవచ్చు. ఆమెకు గాలి కదులుతది, ఊపిరి కదులుతది, భుజం వణుకుతది. వదిలిన బాణాన్ని సరిచేసేందుకు ఏ జాకీ లేదు.

ఇంకో లెక్క. ఆడవాళ్ళ రికర్వ్ విల్లు తాడు పూర్తిగా లాగాలంటే సుమారు 18 కిలోల బలం కావాలి. రోజుకు 200 బాణాలు వేసే ప్రాక్టీస్ అంటే 200 సార్లు 18 కిలోలు: మూడున్నర టన్నుల పైన. సిమెంటు బస్తాల లెక్కలో 72 బస్తాలు. అదీ మూడు వేళ్ళతో లాగి, గడ్డం కింద ఆపి, కదలకుండా గురి చూడాలి. ఒక్కరోజు కాదు, ఏళ్ళకు ఏళ్ళు. ఈ ఆటలో సుదీర్ఘ కెరీర్ అంటే ఆ బస్తాలన్నీ మోసినట్టే.

బరానగర్ నుంచి ఏథెన్స్ దాకా

డోలా పుట్టింది కోల్‌కతా పక్కన బరానగర్‌లో. హుగ్లీ నది ఒడ్డున జూట్ మిల్లుల ఊరు అది. తొమ్మిదేళ్ళ వయసులో బరానగర్ ఆర్చరీ క్లబ్‌లో చేరింది. ఆమె తమ్ముడు రాహుల్ కూడా తర్వాత అదే బాటలో నడిచాడు. 1996లో అమెరికాలోని శాన్ డియాగోలో జరిగిన యూత్ ప్రపంచ పోటీలతో ఆమె అంతర్జాతీయ ఆట మొదలైంది. అప్పటికి 16 ఏళ్ళు.

ఆ కాలంలో మన దేశంలో ఒలింపిక్ విలువిద్య వయసెంత? భారత జట్టు మొదటిసారి దిగింది 1988 సియోల్‌లో. లింబారామ్, శ్యామ్‌లాల్ మీనా, సంజీవ కుమార్ సింగ్, ముగ్గురూ మగవాళ్ళే. లింబారామ్ రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లా ఆదివాసీ బిడ్డ. అడవి ప్రాంతాల పిల్లల్లోంచి ఆటగాళ్ళను వెతకాలని సర్కారు పెట్టిన పథకంలో దొరికినవాడు. వెదురు విల్లు పట్టిన చేతికి ఫారిన్ విల్లు ఇచ్చి, ఏడాది రెండేళ్ళలో ఒలింపిక్స్‌కు పంపారు. సియోల్, బార్సిలోనా, అట్లాంటా, మూడు ఒలింపిక్స్ ఆడాడు.

మన ఆడవాళ్ళకు ఆ తలుపు తెరుచుకునే సరికి 2004 అయింది. ఏథెన్స్‌కు ముగ్గురు పోయారు: డోలా బెనర్జీ, రీనా కుమారి, సుమంగళా శర్మ. క్లబ్‌లో చేరినప్పటినుంచి లెక్కపెడితే డోలాకు అది పదిహేనో ఏడు.

ఏథెన్స్‌లో ముందు ర్యాంకింగ్ రౌండ్. 72 బాణాలు, మొత్తం 720 పాయింట్లు. డోలా 642 కొట్టి 13వ స్థానంలో నిలిచింది. మొదటిసారి పోయిన ఆటగత్తెకు అది చిన్న సంగతి కాదు. ఆ తర్వాత నాకౌట్. 13వ ర్యాంకు ఆమెకు ఎదురుగా వచ్చింది 52వ ర్యాంకు, జార్జియా దేశానికి చెందిన క్రిస్టినె ఎసెబువా. 18 బాణాల మ్యాచ్. 131కి 141తో డోలా ఓడిపోయింది. పదిహేనేళ్ళ ప్రాక్టీస్, 18 బాణాల్లో అయిపోయింది. టీం పోటీలో మనోళ్ళు ఎనిమిదో స్థానం.

అదే ఏథెన్స్‌లో గురి చూసే ఇంకో ఆటలో జరిగింది ఇక్కడున్న మనం తెలుసుకోవాలి. షూటింగ్‌లో డబుల్ ట్రాప్ అనే పోటీ. బంగారం గెలిచింది యూఏఈకి చెందిన షేక్ అహ్మద్ అల్ మక్తూమ్, 189 పాయింట్లతో. ఈ దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి పతకం. రెండో స్థానంలో వెండి గెలిచింది మన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్, 179 పాయింట్లతో. మనం పుట్టిన దేశం, మనం పనిచేసే దేశం ఒకే పోడియం మీద పక్కపక్కన నిలబడ్డాయి.

దుబాయి ఫైనల్

విలువిద్యలో ప్రపంచ కప్ 2006లోనే మొదలైంది. ఏడాదిలో వేర్వేరు దేశాల్లో నాలుగు అంచెలు జరుగుతాయి. అన్నిట్లో బాగా ఆడిన కొద్దిమందినే చివర్లో ఫైనల్‌కు పిలుస్తారు. మొదటి ఫైనల్ మెక్సికోలో జరిగింది. రెండోది 2007లో దుబాయికి వచ్చింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని వేరే పోటీ కూడా ఉంది, రెండూ ఒకటి కాదు. పేపర్లు కొన్నిసార్లు కలిపేసి రాస్తాయి, అందుకే చెప్తున్న.

డోలా ఆ ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్‌లోని డోవర్‌లో నాలుగో అంచె బంగారం కొట్టింది. ఆ జోరుతో దుబాయి వచ్చి ఫైనల్ కూడా గెలిచింది. కొరియా అమ్మాయిలు రాజ్యమేలుతున్న రోజులవి. ఒలింపిక్స్‌లో మహిళల టీం పోటీ 1988లో మొదలైతే, అప్పటినుంచి 2024 పారిస్ దాకా పదికి పది బంగారాలు కొరియావే. అలాంటి ఆటలో జూట్ మిల్లుల ఊరి అమ్మాయి ఏడాది చివరి పోటీలో మొదటి స్థానంలో నిలబడింది.

ఇది ఎంత పెద్ద గెలుపో తర్వాత జరిగింది చూస్తే అర్థమవుతది. రాంచీ ఆటో డ్రైవర్ బిడ్డ దీపికా కుమారి, నాలుగు ఒలింపిక్స్ ఆడిన మనిషి, ఈ ప్రపంచ కప్ ఫైనల్లో ఐదుసార్లు వెండి తెచ్చింది. బంగారం మాత్రం ఆమె చేతికి అందలేదు.

కల్లెడ పిల్ల, ఐదు పాయింట్లు

దుబాయి తర్వాత తొమ్మిది నెలలకు బీజింగ్ ఒలింపిక్స్. 2008 ఆగస్టు. డోలాతో పాటు టీంలో మణిపూర్ అమ్మాయి బొంబాయిలా దేవి, ఇంకో అమ్మాయి మన తెలుగు పిల్ల, వర్ధినేని ప్రణీత. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం. అక్కడి ఆర్‌డీఎఫ్ స్కూల్లో చదువుకుంటూనే విల్లు పట్టింది. బీజింగ్ పోయేనాటికి వయసు 17.

మన జిల్లాల సంగతి మనకు తెలుసు. ఆ ఊళ్ళనుంచి పాస్‌పోర్టు చేయించుకొని విమానం ఎక్కేది ఎక్కువగా మనలాంటోళ్ళమే. గల్ఫ్‌కు, కూలికి. ఆ పల్లెలోంచి ఒక పిల్ల ఒలింపిక్స్ కోసం విమానం ఎక్కింది. ఎపిసోడ్ రికార్డు చేసేటప్పుడు ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగిన, విన్నోళ్ళు గమనించే ఉంటరు.

టీం పోటీ క్వార్టర్ ఫైనల్లో ఎదురుగా చైనా. వాళ్ళ సొంత గడ్డ, వాళ్ళ జనం. ముగ్గురూ కలిసి 24 బాణాలు వెయ్యాలి, అన్నీ పదులైతే 240. చైనా 211, ఇండియా 206. ఐదు పాయింట్ల తేడా. చైనా వాళ్ళు అక్కడినుంచి ఫైనల్ దాకా పోయి వెండి తీసుకున్నారు. ఆ టీంలోని ఝాంగ్ జువాన్‌జువాన్ వ్యక్తిగత పోటీలో బంగారం గెలిచి, 1984 నుంచి ఆ పతకాన్ని ఎవరికీ వదలని కొరియాను ఆపింది. మన ముగ్గురు ఓడింది అలాంటి జట్టు చేతిలో, ఐదు పాయింట్లతో. పతకాల పట్టికలో మాత్రం ఆ ఐదు పాయింట్లకు గడి ఉండదు. అక్కడ రాసేది సున్నా ఒక్కటే.

2010 పోడియం

రెండేళ్ళకు ఢిల్లీలో కామన్‌వెల్త్ క్రీడలు. మహిళల టీం బంగారం డోలా, దీపిక, బొంబాయిలాది. వ్యక్తిగత పోటీ పోడియం చూడండి: బంగారం దీపికది, అప్పటికి ఆమెకు 16 ఏళ్ళు. వెండి బ్రిటన్‌కు చెందిన ఆలిసన్ విలియమ్సన్‌ది. కంచు డోలాది, 30 ఏళ్ళు. మగవాళ్ళ వ్యక్తిగత బంగారం ఎవరిదో తెలుసా? డోలా తమ్ముడు రాహుల్ బెనర్జీది. ఒకే ఇంటికి అన్ని పతకాలు. అదే ఏడాది నవంబరులో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో దీపిక, రిమిల్‌తో కలిసి డోలా టీం కంచు కూడా తెచ్చింది.

విలియమ్సన్ పేరు ఊరికే చెప్పలేదు. ఆమె 1992 బార్సిలోనా నుంచి 2012 లండన్ దాకా ఆరు ఒలింపిక్స్ ఆడింది. ఇరవై ఏళ్ళు. ఆరు ఒలింపిక్స్‌లో ఆమెకు వచ్చింది ఒకే ఒక్క కంచు, 2004 ఏథెన్స్‌లో. డబ్బూ క్లబ్బులూ ఉన్న దేశంలో కూడా ఈ ఆట ఇంతే ఇస్తది. 2012 లండన్‌కు పోయిన మన జట్టులో డోలా లేదు. దీపిక, బొంబాయిలా, చెక్రోవోలు స్వురో పోయారు. మగవాళ్ళ జట్టులో రాహుల్ ఉన్నాడు.

ఏం సంపాదించినవ్?

మనం సెలవు మీద ఇంటికి పోతే, బస్సు దిగేసరికే అడిగే మాట ఒకటుంటది: ఏం సంపాదించినవ్? జవాబు ఇల్లు, ప్లాటు, బంగారం, ఈ మూడింట్లో ఒకటి అయ్యుండాలె. పెండ్లి చేసిన చెల్లె లెక్కలోకి రాదు. తీర్చిన నాయిన అప్పు రాదు. పని నేర్పి మనం పైకి తెచ్చిన పిల్లగాళ్ళు రారు.

విలువిద్యకు కూడా అదే ప్రశ్న వేస్తరు. 1988 నుంచి 2024 దాకా ఇండియాకు ఒలింపిక్స్‌లో ఎన్ని పతకాలు? సున్నా. ఈ సున్నా నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు. ఆ సున్నా వల్ల నష్టపోయింది కూడా నిజమైన మనుషులే. లింబారామ్‌కు 1991లో అర్జున అవార్డు, 2012లో పద్మశ్రీ ఇచ్చారు. తర్వాత నరాల జబ్బుతో మంచాన పడి, వైద్యం కోసం సాయం చేసేవాళ్ళకోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఒళ్ళు బాగున్నన్నాళ్ళే లెక్క అని మనకు చెప్పాల్సిన పని లేదు.

అయితే ఆ సున్నా లోపల ఏం జరిగిందో కూడా చూడాలె. 1988లో మగవాళ్ళు మొదటిసారి పోయారు. 2004లో ఆడవాళ్ళు పోయారు. 2007లో దుబాయిలో కొరియాను దాటొచ్చని ఒకామె చూపించింది. 2008లో చైనా గడ్డ మీద ఐదు పాయింట్ల దాకా వచ్చారు. 2024 పారిస్‌లో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ ర్యాంకింగ్ రౌండ్‌లో 681 కొట్టి నాలుగో స్థానంలో నిలిచాడు. అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీంలో సెమీస్ దాకా పోయి, కంచు మ్యాచ్‌లో అమెరికా చేతిలో ఓడి, నాలుగో స్థానంతో తిరిగొచ్చాడు. ఒలింపిక్ విలువిద్యలో ఇండియా ఇంత దూరం పోవడం అదే మొదటిసారి. ఏథెన్స్‌లో డోలా కొట్టిన 642 ఆమెకు 13వ ర్యాంకు తెచ్చింది. మగవాళ్ళ, ఆడవాళ్ళ పోటీలు వేరైనా 642కీ 681కీ మధ్య ఇరవై ఏళ్ళ పని ఉంది. ఫౌండేషన్ కాంక్రీట్ ఫోటో ఎవరూ తీసుకోరు. టవర్ నిలబడేది దాని మీదే.

పారాలింపిక్స్‌లో అయితే సున్నా ఎప్పుడో పోయింది. హర్విందర్ సింగ్ టోక్యోలో కంచు, పారిస్‌లో బంగారం తెచ్చాడు. ఇందులో కూడా దుబాయి ఉంది. 2022 ఫిబ్రవరిలో పారా విలువిద్య ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. పూజా జత్యాన్ వ్యక్తిగత వెండి గెలిచింది. అది కూడా మన క్యాంపుల్లో ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి.

ఇకముందు

ఈ మధ్య మారిన ఒక రూల్ మనోళ్ళకు పనికొచ్చేది. ఇన్నాళ్ళూ ఒలింపిక్స్‌లో రికర్వ్ ఒక్కటే ఉండేది. చక్రాలు బిగించిన కాంపౌండ్ విల్లుకు చోటు లేదు. అందుకే విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారాలు, 2023 బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టీం బంగారం గెలిచినా ఒలింపిక్ గ్రౌండ్‌లో అడుగుపెట్టే దారి లేకపోయింది. 2028 లాస్ ఏంజిలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీం పోటీ మొదటిసారి పెడుతున్నారు. ముందు అర్హత రావాలి, దేశం లోపలి పోటీ గెలవాలి. అన్నీ కుదిరితే 32 ఏళ్ళ వయసులో ఆమెకు అది మొదటి ఒలింపిక్స్.

2028 జులై 14 నుంచి 30 దాకా ఆ క్రీడలు. లాస్ ఏంజిలెస్‌కూ మనకూ 11 గంటల తేడా. అక్కడ పొద్దున పది గంటలకు బాణం వేస్తే ఇక్కడ రాత్రి తొమ్మిది. మెస్‌లో తిని, తెల్లారి డ్యూటీకి బట్టలు తీసి పెట్టుకునే టైమ్. ఈసారి మన క్యాంపుల్లో ఫోన్లు ఉన్నయి, నెట్ ఉంది. రూములో నలుగురిని పిలిచి, మీటరుకు మిల్లీమీటరు లెక్క ఒక్కటి చెప్పండి చాలు, ఆట అదే అర్థమవుతది. కల్లెడ చుట్టుపక్కల ఊళ్ళోళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే, ఆ స్కూల్లో పిల్లలు ఇప్పటికీ విల్లు పడుతున్నారేమో మాకు ఒక వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తం.